తరంగశోధకము పలుకనిచో

అరచేత నిముడు రేడియో తరంగశోధకమును గది నలుమూలల ద్రిప్పి, అది మ్రోగలేదు గావున రహస్యముగా వినుయంత్ర మచట లేదని నిశ్చయించుట తగదని మా యభిప్రాయము. 1945 ఆగస్టులో సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్ గారికి కొయ్యపై జెక్కిన అమెరికా రాజముద్రను బహూకరించిరి. అది రాయబారి నివాసమున గోడకు వ్రేలాడెను. 1952లో గాని దాని గుట్టు బయటపడలేదు. థెరెమిన్ అను శాస్త్రజ్ఞుడు కల్పించిన శబ్దగ్రాహక మందు దాగియుండెను. దానికి బ్యాటరీ లేదు, విద్యుత్తు తీగె లేదు. వెలుపలినుండి రేడియో తరంగములు సోకినపుడే యది పలుకును. తక్కినవేళల మూగ. మూగదానిని శోధక మెట్లు పట్టగలదు?

మ్రోగినంతమాత్రమున బెదరనక్కరయు లేదు. వై-ఫై వాడు 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతముననే వంటయింటి మైక్రోవేవ్ పొయ్యియు బనిచేయును. శోధించువాని జేబులోని ఫోనే చాలును! కావున ముందు సొంత పరికరముల నన్నిటిని ఆపివేయవలెను.

వై-ఫై నమర్చువారికి మాత్ర మిది మంచి తోడు. ఇనుపకమ్ముల కాంక్రీటు గోడలు తరంగములను మిక్కిలి క్షీణింపజేయును; బలము తగ్గినచోటు గుర్తించి రౌటరును జరుపవచ్చును. అయినను సామాన్య శోధకము బలమునే చూపును గాని తరంగము లెవరివో చెప్పదు.

సభాగృహములను శోధింపబోవువారు టార్చిదీపమును, స్క్రూడ్రైవరును గూడ వెంటగొని, గోడనున్న ప్రతి పటమును దింపి వెనుకవైపు చూడవలెనని కోరుచున్నాము.