మసక చూపు నేరం కాదు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల నుంచి దించే స్క్విడ్‌లను మీరు చూసే ఉంటారు. ఈసారి వాటి కంటిని గమనించండి. మన కంటిలో ఉన్నట్లే అందులోనూ కటకం, రెటీనా ఉంటాయి. వాటికీ మనకూ చుట్టరికం బహుదూరం. అయినా రెండు వంశాలూ వేర్వేరు దారుల్లో అలాంటి కన్నునే సంపాదించుకున్నాయి.

కన్ను ఒక్కరోజులో పుట్టలేదు. మొదట వెలుగూ చీకటీ మాత్రమే తెలిసే కణాల మచ్చ. అది గుంటపడ్డాక వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిసింది. గుంట మూతి సన్నబడ్డాక బొమ్మ ఏర్పడింది. కటకం వచ్చాక ఆ బొమ్మ తేటపడింది. ఇలా మెట్టుమెట్టుగా కన్ను ఏర్పడగలదని డార్విన్ 1859లోనే వాదించాడు. అందుకు 4 లక్షల తరాల లోపే చాలునని 1994లో నిల్సన్, పెల్గర్ లెక్కగట్టారు.

ఎవరి బతుకుకు తగ్గ కన్ను వారిది. జూలోని పులి కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది. రాత్రివేళ దొరికిన కాస్త వెలుగును అది రెండోసారి వాడుకుంటుంది. మన కంటిలోనేమో నరాల పోగులు రెటీనా ముందు నుంచి సాగి ఒకచోట వెనక్కు దిగుతాయి. ఆ చోట మనకు చూపే లేదు. స్క్విడ్‌కు ఆ లోపం లేదు. అంటే మనిషి కన్నూ పరిపూర్ణం కాదు.

ఇదంతా ఎందుకంటే, మా హాస్టల్లో ఒక మిత్రుడు బోర్డు మీది లెక్కను పక్కవాడి నోట్సులో చూసి రాసుకునేవాడు. అందరూ మొద్దు అన్నారు. మేమూ నవ్వాం. పదో తరగతి తప్పి పోర్టులో కూలికి వెళ్తున్నప్పుడు ఎవరో కళ్ళ డాక్టరుకు చూపిస్తే తేలింది, తక్కువైంది తెలివి కాదు, దూరపు చూపు అని.

మా ఇళ్ళలో డిగ్రీ చదివింది మేమే మొదలు. బోర్డు కనపడకపోవడం ఎలా ఉంటుందో మా అమ్మానాన్నలకు తెలిసే వీలు లేదు. కనుక ఆ బాధ్యత హాస్టలే తీసుకోవాలి. 2019లో మొదలైన కంటి వెలుగు పథకం బడిపిల్లల పరీక్షలతోనే ప్రారంభమైంది. కానీ ఎదిగే వయసులో చూపు మారుతూ ఉంటుంది, ఒక్కసారి చూస్తే చాలదు. ఏటా జూన్‌లో హాస్టల్ తెరవగానే ప్రతి విద్యార్థికీ కంటి పరీక్ష జరగాలన్నది మా అభిప్రాయం.

పక్కవాడి నోట్సు చూసేవాణ్ణి చూసి నవ్వకండి. వార్డెన్ గారికి చెప్పండి. ఆనాడు మేము చెప్పలేదు.