ప్రసంగం మధ్యలోనైనా మాత్ర వేసుకోండి



ఈ మాటలు ముందు నాకు నేనే చెప్పుకుంటున్నాను. మన సంఘంలో ఒక పెద్దాయన ఏళ్ల తరబడి ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందించేవారు. కొంతకాలంగా వెనక వరసలో కూర్చుంటున్నారు. పలకరిస్తే ముఖంలో నవ్వు లేదు. సాక్ష్యం చెప్పమంటే గొంతు వినబడదు. ఆయనలో మొదటి ప్రేమ చల్లారిందనుకున్నాను. తాగి వస్తున్నారేమో అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి డాక్టరు చెప్పింది, అది పార్కిన్సన్స్ వ్యాధి అని. నేను సిగ్గుపడ్డాను.

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బును వివరించి రాశారు. మన కదలికలు సాఫీగా సాగడానికి మెదడులో డోపమిన్ అనే రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. అప్పుడు నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, చేతిరాత చిన్నదవుతుంది, ముఖంలో భావం పలకదు. కొందరికి వణుకు అసలే ఉండదు. వణికిన ప్రతి చెయ్యీ ఈ జబ్బుదీ కాదు. కాబట్టి నరాల డాక్టరుకు చూపించాలి. ఇది శాపం కాదు, పాపఫలం కాదు.

"విశ్వాసముంటే మాత్రలు మానెయ్యి" అని ఆయనకెవరో చెప్పారట. నేను ఒప్పుకోను. లెవోడోపా మాత్ర జబ్బును తీసెయ్యదు గానీ మనిషిని నడిపిస్తుంది. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే కదా! ఉపవాస ప్రార్థన రోజున కూడా మాత్ర మానవద్దు. దూలగొండి గింజల్లో ఈ మందు ఉన్నమాట నిజమే. అయినా డాక్టరుకు చెప్పకుండా సొంతంగా వాడవద్దు.

ఈ మందుకు వేళ ముఖ్యం. ఆయన మాత్ర పదకొండింటికి. మన ఆరాధన ఒంటిగంట దాకా సాగుతుంది. మధ్యలో లేస్తే బాగుండదని ఆయన ఆగారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అడుగు పడక నిలిచిపోయారు. ఆ తప్పు నాది. ఇకమీదట ప్రసంగం మధ్యలోనైనా మాత్ర వేసుకోండి. పక్కనున్నవారు మంచినీళ్లు అందించండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. పప్పు, గుడ్డు, మాంసం ఎక్కువగా తిన్నప్పుడు కొందరికి మందు సరిగా పనిచెయ్యదు. భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో డాక్టరును అడగండి. రోజూ నడిపించండి, గట్టిగా చదివించండి, పాడించండి. కాళ్లు ఆగిపోతే చెయ్యి పట్టి లాగవద్దు. కాస్త ఆగి, "ఒకటి, రెండు" అని లెక్కపెడితే అడుగు పడవచ్చు.

వచ్చే నెల బల్ల దగ్గర గిన్నె మళ్లీ ఆయనే అందించాలని అడిగాను. "ఒలుకుతుందేమో అయ్యగారూ" అన్నారు. సగమే నింపుదాం, ఒలికితే నేను తుడుస్తాను అన్నాను. ఆ రోజు ఎవరూ ఆయన చేతివంక చూడవద్దని నా మనవి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.