నీళ్లెక్కిన రోడ్డును మ్యాపులో చూపించండి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి. నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు హైదరాబాద్ హైవే మీదికి వచ్చేసింది. ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. మా బావగారు పిల్లలతో హైదరాబాద్ నుంచి బయల్దేరి, "ఏ దారిన రమ్మంటావురా?" అని గంటకోసారి ఫోన్ చేశారు. నా ఫోన్ నిండా వాట్సాప్ వీడియోలే. ఏది ఏ వాగో, ఏ పూట తీసిందో ఒక్కదాని మీదా లేదు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ జవాబు తెలిసినవాళ్లు ఉన్నారు. వాగు పక్కన టీకొట్టు నడిపే ఆయన, తెల్లారకముందే పాలవ్యాను తోలే కుర్రాడు, చప్టా అవతల బండి తిప్పుకొని వచ్చిన ఆటో అన్న. వాళ్లకు తెలిసింది పక్క మండలం దాకా వెళ్లలేదు. ఆ ఆదివారం తెల్లవారుజామునే మరిపెడ దగ్గర ఆకేరు వాగు చీకట్లో ఒక కారును లాక్కుపోయింది. అందులో ఉన్నవాళ్లు మిగల్లేదు.

2015 వరదల్లో చెన్నైలో వాలంటీర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాపు ఆధారంగా ఒక మ్యాపు తయారుచేసి జనం ముందు పెట్టారు. మునిగిన వీధిని వేలితో నొక్కితే రంగు మారేది. అలా జనం చూపించిన వీధులు 2,500 దాటాయి. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న గూగుల్ మ్యాప్స్‌లోనే నీళ్లెక్కిన రోడ్డును రిపోర్ట్ చేయొచ్చు. చేయకపోతే ఏమవుతుందో చూడండి. రోడ్డు మీద కదిలే ఫోన్లను బట్టి ఆ యాప్ రద్దీని లెక్కగడుతుంది. వాగు పొంగి బండ్లే తిరగని దారి, ఎవరూ చెప్పకపోతే, రద్దీ లేని మంచి దారిలా కనిపించే ప్రమాదం ఉంది.

అందుకని వాగుల దగ్గరి ఊళ్లవాళ్లకు, డ్రైవర్లకు, పంచాయతీ సిబ్బందికి చేతులు జోడించి అడుగుతున్నాను. నీళ్లు రోడ్డెక్కగానే మ్యాపులో పెట్టండి. గ్రూపుల్లో పంపేటప్పుడు ఊరి పేరు, టైము, లోతు రాయండి. "బాగా నీళ్లు" అంటే ఎవరికీ అర్థం కాదు. "కిలోమీటరు రాయి సగం మునిగింది, ఉదయం 6:40" అంటే డ్రైవరు నిర్ణయం తీసుకోగలడు. ఫొటో కోసం మాత్రం నీళ్లలో దిగొద్దు, ఆ ఫొటో ఎవరికీ అక్కర్లేదు.

నీళ్లు తీశాక ఆ సంగతీ చెప్పండి. దీన్ని అందరూ మర్చిపోతారు. నిన్నటి గుర్తు అలాగే ఉండిపోతే అంబులెన్సు ముప్పై కిలోమీటర్లు చుట్టు తిరుగుతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి నిజమైన గుర్తు పెట్టినా ఎవరూ నమ్మరు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. ఇక్కడ అర్ధరాత్రి కరెంటు పోయి, సిగ్నల్ సరిగా లేని వేళ మీకు పగలు. ఊరికి ఫోన్ చేసి, విన్నది మీరు మ్యాపుకెక్కించండి.

ఇవన్నీ వాన వచ్చాక చేసేవి. ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా దిద్దొచ్చు. అందులో మీ ఊరి చప్టా, లోలెవల్ వంతెన, చుట్టు తిరిగే డొంకదారి ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. ఈ రోజు నీళ్లున్నాయన్న సంగతి అందులో రాయకూడదు, ఎప్పుడూ ఉండే దారులనే ఎక్కించాలి. మీ ఊళ్లో ఇంటర్ చదివే పిల్లల్ని ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ చప్టా మొదట మునుగుతుందో మీరు చెప్పండి, వాళ్లు ఎక్కిస్తారు.