వాడేవాడి కష్టం తెలిసినవాడే డిజైనర్

ఈ మధ్య మన హాస్టల్లో ఏ గదిలో విన్నా ఒకటే మాట: "యూజర్ ఎక్స్‌పీరియెన్స్ డిజైనర్ అవుతానురా!" మూడు నెలల కోర్సు, ఒక సాఫ్ట్‌వేర్, నాలుగు రంగుల తెరలు - ఇంతే ఆ వృత్తి అని చాలామంది నమ్మకం. నేనూ ఆ దారినే పోదలచుకున్న విద్యార్థిని కనుక, ఈ విషయంలో నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పదలచుకున్నాను.

పేరు కొత్తదే. 1993లో ఆపిల్ సంస్థలో చేరిన డాన్ నార్మన్ తన హోదాకు ఈ మాట తగిలించుకున్నాక ప్రచారంలోకి వచ్చింది. పని మాత్రం పాతది. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో చదువు రానివారే ఎక్కువ. పేరు చదవలేనివాడు ఓటెలా వేస్తాడు? అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు పెట్టారు. చదువు లేకపోవడం ఓటరు తప్పనుకోకుండా, దాన్ని తాము విప్పవలసిన చిక్కుముడిగా భావించారు. అదీ డిజైనంటే!

జైపూర్ పాదం సంగతి చూడండి. 1960ల చివర రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించారు. అప్పటి కృత్రిమ పాదాలు బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవారికి పనికొచ్చేవి. మన రైతుకో? గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకోవాలి, చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద నడవాలి. ఆ బతుకు చూశాకే రబ్బరు పాదం పుట్టింది. ముందు సహానుభూతి, ఆ వెనకే సృజన. ఈ వరస తారుమారైతే మిగిలేది అలంకారమే.

అంతదూరం ఎందుకు? మన స్కాలర్‌షిప్పు దరఖాస్తులే తీసుకుందాం. ఇంటిపేరు ముందు రాయడం తెలుగువారి అలవాటు. దరఖాస్తులో "ఫస్ట్ నేమ్" అని ఒక గడి, "లాస్ట్ నేమ్" అని మరో గడి. దేన్ని ఎక్కడ రాయాలో తెలియక నా మిత్రుడొకడు ఇంటిపేరు మొదటి గడిలో రాశాడు. సర్టిఫికెట్‌తో పేరు సరిపోలేదని దరఖాస్తు తిరిగొచ్చింది. వాడికి ఆ డబ్బు మెస్సు బిల్లు. ఆ గడులు గీసినాయనకు మన పల్లె కుర్రాడొక్కడు కూడా గుర్తుకు రాలేదన్నమాట! ఒక్క గడికి బదులు రెండు గడులు పెట్టడం చిన్న విషయమేనా?

"ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషంలో తెర గీసి ఇస్తోంది కదా, ఇక మనమెందుకు?" అంటారు కొందరు. గీయనివ్వండి. గీత చవకయ్యేకొద్దీ, ఏది గీయాలో తెలిసినవాడి విలువ పెరుగుతుంది. ఇంటర్నెట్ సెంటర్ దాకా వచ్చిన ముసలమ్మ ఎందుకు వెనక్కి తిరిగిపోయిందో పక్కన నిలబడి అడిగినవాడికే తెలుస్తుంది. అలా అడగడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. తెలుగు, సోషియాలజీ, సైకాలజీ చదివే మిత్రులకూ ఈ వృత్తిలో చోటుందని నా గట్టి నమ్మకం.

అయితే సానుభూతి మాటలతో సరిపెడితే చాలదు, పరీక్షించాలి. అయిదుగురి చేత వాడించి చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. అయిదుగురంటే మన మెస్సులో ఒక బల్ల!

అందుకే విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వచ్చే ఏడు కొత్తవాళ్లు చేరినప్పుడు అయిదుగురిని పిలిచి మన హాస్టలు దరఖాస్తు వారి చేతికివ్వండి. పక్కన కూర్చోండి. నోరు మెదపకండి. కలం ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆగిన చోటల్లా తప్పు మనది, వారిది కాదు. ఆ కాగితం దిద్దిన రోజున మన కాలేజీలో మొదటి డిజైనర్ తయారైనట్టే.