“ఫరవాలేదు డాక్టరుగారూ” అనకండి



సొరియాసిస్ అంటే చర్మం మీద పొలుసులు రాలే జబ్బు అని మీలో చాలామందికి తెలుసు. అది అంటుకోదు, ఆ మనిషి పక్కన కూర్చోవడానికి భయపడనక్కరలేదు. అయితే అది కీళ్ళను కూడా పట్టుకోవచ్చునని తెలిసినవారు తక్కువ. సొరియాసిస్ ఉన్న వందమందిలో 30 మంది వరకు ఈ కీళ్ళవాతం రావచ్చు. దీనినే సొరియాటిక్ ఆర్థరైటిస్ అంటారు. సాధారణంగా చర్మం మీద మచ్చలు వచ్చిన సుమారు పదేళ్ళకు కీళ్ళ బాధ మొదలవుతుంది. అందుకే రెండింటికీ సంబంధం ఉందని తట్టదు.

చిక్కడపల్లి మెట్రో మెట్లు ఎక్కలేక లిఫ్టు కోసం నిలబడే నడివయసు మనిషి తన మడమ నొప్పికీ, మోచేతి మీది పొలుసులకూ ముడిపెట్టడు. అశోక్ నగర్‌లో గది తీసుకొని పోటీ పరీక్షలకు చదివే కుర్రాడు వేలు మొత్తం ఉబ్బితే, రాసి రాసి వచ్చిందనుకొని మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుంటాడు. చర్మానికి ఒక డాక్టరు, ఎముకలకు మరొక డాక్టరు. ఒకరికి మోచెయ్యి, మరొకరికి మోకాలు చూపించి ఇంటికి వెళ్తాం.

ఒకప్పుడు వైద్యులు కూడా ఇది తేలికపాటి జబ్బే అనుకున్నారు. 1987లో టొరంటోలో డాక్టర్ డాఫ్నా గ్లాడ్‌మన్ బృందం 220 మంది రోగులను పరిశీలించి, అనుకున్నదానికంటే ఇది తీవ్రమైనదని చెప్పింది. 2015లో ఐర్లండ్‌లో వచ్చిన పరిశోధన ఇంకొంచెం భయపెట్టేది: మొదటిసారి కీళ్ళ నిపుణుని దగ్గరకు వెళ్ళడంలో ఆరు నెలలు ఆలస్యమైనా, తరువాతి కాలంలో ఎముకలు అరిగిపోవడం, పనులు చేసుకోలేకపోవడం ఎక్కువగా కనిపించాయి.

మరి తీవ్రతను ఎలా కొలుస్తారు? మచ్చలు ఎంత మేర ఉన్నాయో చూస్తే చాలదు. చర్మం మీద చిన్న మచ్చే ఉండి, కీళ్ళు బాగా దెబ్బతిన్నవారు ఉన్నారు. రక్తపరీక్ష కూడా నమ్మకమైన సాక్షి కాదు, ఆర్.ఏ. ఫ్యాక్టర్ చాలామందిలో ఉండదు, ఇ.ఎస్.ఆర్. మామూలుగానే ఉండవచ్చు. జబ్బు అదుపులో ఉందో లేదో తేల్చడానికి 2010లో ఏడు అంశాల కొలత ఒకటి తయారుచేశారు. వాటిలో ఐదు సరిగా ఉండాలి. వాపు ఉన్న కీళ్ళు, చర్మం వంటివి డాక్టరు చూస్తారు. కాని నొప్పి ఎంత, మొత్తం మీద ఎలా ఉంది, రోజువారీ పనులు ఎలా సాగుతున్నాయి అనే మూడూ రోగి నోటి నుండి రావలసినవే.

మన ఇబ్బంది అక్కడే. “ఎలా ఉందమ్మా?” అంటే “ఫరవాలేదు డాక్టరుగారూ” అంటాం. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళు. పొద్దున లేవగానే గంటసేపు వేళ్ళు ముడుచుకోకపోయినా, పాల గిన్నె రెండు చేతులతో దించవలసి వచ్చినా ఫరవాలేదే! ఇది ఓర్పు అని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట విని డాక్టరు పాత మందే మళ్ళీ రాస్తారు.

బ్రిటన్‌లో 206 మందితో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. కొందరిని నాలుగు వారాలకొకసారి చూసి, పై కొలత ప్రకారం అదుపులోకి రాకపోతే మందు మార్చారు. మిగిలినవారిని మామూలుగా 12 వారాలకొకసారి చూశారు. 48 వారాలకు మొదటి గుంపులో 62 శాతం మంది, రెండవ గుంపులో 45 శాతం మంది చెప్పుకోదగినంత మెరుగయ్యారు. దుష్ఫలితాలు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ, అది దాచకూడదు. అయినా అడిగి, కొలిచి, మార్చడమే మంచిదని నా అభిప్రాయం.

మెథోట్రెక్సేట్ రాస్తే “క్యాన్సర్ మందు కదా” అని మానేసేవారున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధనల నుండి వచ్చిన మందు అది. కీళ్ళకు ఇచ్చే మోతాదు చాలా తక్కువ. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణీలు వాడరాదు.

ఈసారి ఓ.పి.కి వచ్చేముందు ఒక చీటీ మీద రాసుకోండి: పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు, ఏ వేలు, ఏ పని మానేశారు. గోళ్ళ మీద చిన్న గుంటలుంటే చూపించండి, నెయిల్ పాలిష్ తీసేసి రండి. సాక్సు విప్పి మడమ కూడా చూపించండి.