మైకు లెక్క సరిచూశారా?

ముచ్చటపడి హోం థియేటర్ కొన్నారు. రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకును సోఫా దగ్గర పెట్టారు. స్పీకర్లన్నీ వంతులవారీగా కూత పెట్టాయి. తెరమీద 'పూర్తయింది' అనొచ్చింది. తీరా సినిమా వేస్తే ఫైట్లకు కిటికీ అద్దాలు అదురుతాయి, మాటలేమో వినపడవు! రిమోట్ చేతిలో ఉన్నవాళ్లకు సౌండు పెంచడం, తగ్గించడమే పని. 'పాత టీవీయే నయం' అని నానమ్మ అననే అంటుంది.

స్పీకర్లను తిట్టుకోకండి. ముందు సెట్టింగ్స్ తెరవండి.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. మైకు ఈ లెక్కతోనే దూరాలు కొలిచి, దగ్గరి స్పీకర్‌ను కాస్త ఆలస్యంగా పలికిస్తుంది. యమహాలో వైపీఏఓ, పయొనీర్‌లో ఎంసీఏసీసీ, చాలా డెనాన్ మోడళ్లలో ఆడిసీ... పేర్లే వేరు. దూరాలు, సౌండు స్థాయుల్లో వీటిని నమ్మొచ్చు. సబ్‌వూఫర్ దూరం టేపు కొలతకన్నా ఎక్కువ చూపించినా కంగారొద్దు. దాని సర్క్యూట్‌లో జరిగే ఆలస్యాన్నీ కలిపేసుకుంటుంది.

తిరకాసంతా క్రాసోవర్ దగ్గరే. ఏ శబ్దం మామూలు స్పీకర్లకు, ఏది సబ్‌వూఫర్‌కు అని గీసే సరిహద్దు అది. మనం స్పీకర్లను గోడకు ఆనించో, మూలకు నెట్టో పెడతాం. అక్కడ బాస్ ఉబ్బుతుంది. అదంతా స్పీకర్ సొంత బలమేననుకుని రిసీవర్ 'లార్జ్' అనో, 40 హెర్ట్జ్ అనో రాసేసుకుంటుంది. అరచేయంత స్పీకర్ డప్పు మోతనూ మోయాలంటే ఎలా? అది ఊగిపోతుంటే అందులోంచే వచ్చే మాటలు ముద్దయిపోతాయి. సబ్‌వూఫరేమో సగం పని లేక కూర్చుంటుంది.

అందుకే అన్నింటినీ 'స్మాల్' చేసి, 80 హెర్ట్జ్ పెట్టి చూడండి. టీహెచ్‌ఎక్స్ ప్రమాణాల్లోదే ఈ అంకె. అంతకన్నా కిందిస్థాయి శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పెద్దగా పసిగట్టలేదు. ఒక్క జాగ్రత్త! మైకే 120 అని చెబితే 80కి దించొద్దు. ఆ స్పీకర్ సత్తా అంతే. పెంచొచ్చుగానీ తగ్గించకూడదు. సబ్‌వూఫర్ వెనుకనుండే క్రాసోవర్ మీటను చివరిదాకా తిప్పేయండి. లేదంటే ఒకే శబ్దానికి రెండు కత్తెరలు పడతాయి.

అప్పటికీ మాటలు తగ్గితే మధ్య స్పీకర్‌ను రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. దాన్ని అలమారా లోపలికి తోసేస్తే మాత్రం లాభం లేదు, అంచుకు లాగాలి.

మైకును చేత్తో పట్టుకోవద్దు. చెవి ఎత్తులో స్టాండు మీద పెట్టండి. ఫ్యాన్, కూలర్ ఆపండి. కుక్కర్ దించండి. మహబూబాబాద్‌లో స్టేషన్ పక్క ఇల్లయితే గూడ్సు బండి దాటేదాకా ఆగండి! పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ ఉత్త గోడలున్న హాల్లో వచ్చే ప్రతిధ్వనిని ఏ రిసీవరూ పూర్తిగా మాపలేదు. మందపాటి కర్టెన్లు, నేలమీద ఓ తివాచీ పరిచాకే కొలతలు తీయండి. తరువాత సోఫా జరిపితే మళ్లీ మైకు పెట్టాల్సిందే.