చేపకు తెలీదు... చేతికి చురుక్కు!

హాల్లో ఓ మూల గాజుతొట్టి. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, గుప్పెడు గప్పీలు, బుడబుడమంటూ ఎయిర్ పంపు. మేత వేద్దామని పిల్లాడు నీళ్లలో వేళ్లు పెడతాడు. చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. ‘అమ్మా, చేప కొరికింది!’

కొరికింది చేప కాదు, కరెంటు.

ఒకప్పుడు హైదరాబాద్ ఇళ్లలోనే ఎక్కువగా కనిపించిన ఆక్వేరియం ఇప్పుడు మండల కేంద్రాల్లోకీ వచ్చేసింది. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలోని తిరుమలగిరినే తీసుకోండి. (సాగర్ వైపున్న తిరుమలగిరి వేరు. 2016 దాకా రెండూ నల్గొండ జిల్లావే.) ఇలాంటి ఊళ్లో ఎండాకాలం కూలర్‌ని ముట్టుకుంటే జిల్లుమంటుందనీ, బోరు స్టార్టర్ డబ్బాను తడిచేత్తో తాకకూడదనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేపల తొట్టిని మాత్రం ఎవరూ ఆ లెక్కలో వేయరు. అది ముచ్చటగా ఉంటుంది కదా! ఫిల్టరు మోటారు, హీటరు, లైటు, పంపు... నీళ్ల చుట్టూ ఇన్ని కరెంటు వస్తువులున్నది ఇంట్లో ఇంకెక్కడా కనిపించదు. వాటిలో రెండు నీళ్లలోనే మునిగి ఉంటాయి.

మరి నీళ్లలో కరెంటుంటే చేపలు చావవా అని అడుగుతారు. కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమవుతుంది? ఏమీ కాదు. దాని ఒంట్లోంచి కరెంటు మరో చోటుకి పోయే దారి లేదు కాబట్టి. చెక్కబల్ల మీద ఉన్న గాజుతొట్టి కూడా అంతే. నీళ్లు మొత్తం ఒకే వోల్టేజీలో ఉంటాయి, చేపలూ దాంతోపాటే. దారి దొరికేది మనిషి చెయ్యి పెట్టినప్పుడు. అందులోనూ ఒట్టి కాళ్లతో తడిసిన బండల మీద నిలబడో, రెండో చేత్తో ఇనుప స్టాండు పట్టుకునో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ‘చేపలు హుషారుగానే ఉన్నాయి కదా’ అన్న ధీమా పనికిరాదు. అలాగే చేపలు చచ్చిపోతుంటే కరెంటు మీదికి తోసేయడమూ సరికాదు. ఎక్కువగా కారణం అతిగా వేసిన మేతో, క్లోరిన్ పోని పంపు నీళ్లో అయి ఉంటుంది.

వాగుల్లో తీగలు వేసి చేపలు పట్టేవాళ్ల సంగతి వేరు. అక్కడ నీళ్లలో ఓ వైపు నుంచి మరో వైపుకి కరెంటు పారుతుంది, చేప ఒంట్లోంచీ పోతుంది. ఆ దొంగవేటలో చేపలతోపాటు మనుషులూ పోతున్నారు. అన్నట్టు, మన చెరువుల్లోని జెల్లలు, వాలుగలకు నీటిలోని అతి స్వల్ప విద్యుత్తును పసిగట్టే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌కి ఆ శక్తి లేదు. దాన్ని చూసి ప్రమాదం పసిగట్టాలనుకోవడం దండగ!

ఇంతకీ కరెంటు నీళ్లలోకి ఎలా వస్తుంది? రెండు రకాలుగా. మోటారు చుట్టలోని కరెంటు ప్రభావం తొడుగు దాటి నీళ్ల మీద పడటం ఒకటి. డిజిటల్ మీటరు ఓ కొస నీళ్లలో, రెండో కొస ఎర్త్‌కి పెడితే ముప్పయ్యో అరవయ్యో వోల్టులు చూపించి గుండె ఆగేలా చేసేది తరచూ ఇదే. వోల్టులు కనిపిస్తాయిగానీ వెనక బలం ఉండదు. వేలికి గాటుంటే తప్ప సాధారణంగా మనకు తెలియను కూడా తెలీదు. రెండోది అసలైన లీకేజీ... హీటరు గాజు పగలడం, మోటారు తొడుగు చీలడం, వైరు పైపొర చిట్లడం. టెస్టర్ ఈ రెంటికీ వెలగొచ్చు. దాని లోపలి నిరోధం అంత ఎక్కువ మరి. ఒక్కోసారి ప్రమాదం ఉన్నా వెలగకపోవచ్చు. కాబట్టి వోల్టులు చూసి ఊరుకోకుండా, నీళ్ల నుంచి ఎర్త్‌కి ఎన్ని మిల్లీ ఆంపియర్లు పోతున్నాయో సరైన మీటరుతో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి. చేతికి చురుక్కుమందంటే మాత్రం కొలిచేదాకా ఆగక్కర్లేదు, ముందు ప్లగ్గులన్నీ పీకేయాలి. తర్వాత ఒక్కో వస్తువునే పెట్టి చూస్తే దొంగ ఎవరో బయటపడుతుంది.

ఎక్కువగా దొరికే దొంగ హీటరు. నీళ్లు మార్చేటప్పుడు దాన్ని ఆపడం మర్చిపోతారు. గాలిలో కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పడగానే టప్పుమంటుంది. రెండో దొంగను కరెంటు కోతే పిలుచుకొస్తుంది. ఎయిర్ పంపును తొట్టి కింద, నేల మీద పెడతారు కదా... కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి జారి నేరుగా పంపులోకే చేరొచ్చు. తెల్లారి కరెంటు వచ్చేసరికి పంపు నిండా నీళ్లు! పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో పెడితే, లేదా గొట్టం మధ్య వన్‌వే వాల్వు బిగిస్తే ఈ బెడద ఉండదు. వైర్ల సంగతీ ఇంతే. తొట్టి నుంచి వైరు తిన్నగా సాకెట్టులోకి వెళ్తే దాని వెంట జారిన చుక్క కూడా అక్కడికే వెళ్తుంది. వైరు సాకెట్టు కన్నా కిందికి వంపు తిరిగి వేలాడితే ఆ చుక్క నేల మీద పడుతుంది.

‘నీళ్లలో ఓ ఎర్త్ వైరు వేసేయండి, సరిపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. సలహా తప్పు కాదు, సగమే! ఆ ఎర్త్ ఎలాంటిదన్నదే అసలు ప్రశ్న. తిరుమలగిరి వైపు ఎర్ర చల్కా నేలల్లో ఏప్రిల్, మే వచ్చేసరికి తేమ ఆవిరైపోతుంది. ఇల్లు కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ వేసి పాతిన పైపు చుట్టూ మట్టి ఎండి వదులైపోతుంది. ఆ గుంతలో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో ఆ ఇంటివాళ్లకే తెలీదు. అలాంటి ఎర్త్ నిరోధం 100 ఓములుందనుకోండి. హీటరు పగిలి 230 వోల్టులూ నీళ్లలోకి వచ్చినా ఎర్త్ గుండా పోయేది రెండు ఆంపియర్ల చిల్లరే. 6 ఆంపియర్ల ఎంసీబీ అసలు కదలదు. కానీ ఇంట్లోని ఎర్త్ వైరు మొత్తం దాదాపు 230 వోల్టులకు ఎక్కి కూర్చుంటుంది. అంటే చేపల తొట్టిలోని కరెంటు ఫ్రిజ్ తలుపుకీ, కూలర్ డొక్కుకీ, వాషింగ్ మెషిన్‌కీ పాకుతుంది. తిరగేసి చూసినా అంతే... కూలర్‌లో లీకయింది తొట్టిలోకి వస్తుంది. మంచికి వేసిన వైరే ఇల్లంతా పంచిపెడుతుందన్నమాట.

ఈ లెక్కను మార్చేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది నిరంతరం సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎక్కడో దారితప్పితే చాలు, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఎంసీబీ ఉంది కదా అంటారేమో. అది వైర్లను కాపాడేది, మనిషిని కాదు. బెడ్‌రూమ్‌లో వెలిగే 15 వాట్ల చిన్న బల్బు తీసుకునేది సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. మనిషికి ఒకటి దగ్గర చురుక్కుమంటుంది, పదికి అటూఇటూగా చెయ్యి పట్టేసి వదలదు, 30 దాటి కాసేపు ప్రవహిస్తే ఊపిరికీ గుండెకీ ముప్పే. ఎంసీబీ లెక్కలో ఇదంతా ఓ చిన్న బల్బు కూడా కాదు! ఎర్త్ 100 ఓములున్నా ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఎర్త్ వైరు మీద మూడు వోల్టులు వచ్చేసరికే పని ముగిసిపోతుంది. ఎండిన నేలలున్న ఊళ్లకు దీని అవసరం మరింత ఎక్కువ అనడానికి కారణం అదే. నీళ్లలో ఎర్త్ వైరు వేస్తే ఆర్‌సీసీబీతో కలిపే వేయాలి. అప్పుడు లీకేజీ ఎవరి చెయ్యీ పడకముందే వైరు గుండా పోయి స్విచ్చును పడగొడుతుంది.

ఇంకో పాడు అలవాటు ఉంది. ఎర్త్ గుంత తవ్వే ఓపిక లేక సాకెట్టులో ఎర్త్ పిన్నుకి న్యూట్రల్‌నే కలిపేస్తారు కొందరు. బల్బు వెలుగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఆ ఇంట్లో ప్రతి ఇనుప వస్తువూ ఫేజే! పాత ఇల్లు కొన్నా, అద్దెకి దిగినా ముందుగా విప్పించి చూడాల్సింది ఇదే.

తొట్టి కడిగేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు. ఫేజూ న్యూట్రల్ తారుమారైన బోర్డుల్లో స్విచ్ ఆపినా వస్తువులో కరెంటు ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి పెట్టారో కూడా ఎవరూ చూడరు. ప్లగ్గే పీకాలి. ఎవరైనా తొట్టికి అతుక్కుపోయినట్టు కనిపిస్తే ఒంటి మీద చెయ్యి వేయొద్దు. మెయిన్ ఆపాలి. అది అందకపోతే ఎండిన కర్రతో వైరును నెట్టి, 108కి ఫోన్ చేయాలి.

ఆర్‌సీసీబీ మీద ‘టెస్ట్’ అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి, పడకపోతే మార్చేయాలి. వానాకాలంలో మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేవాళ్లున్నారు. అది పడుతున్నది ఎక్కడో లీకేజీ ఉందనే కదా! ఇక అద్దె ఇళ్ల సంగతి. మొత్తం ఇంటికి పెట్టడానికి ఓనరు ఒప్పుకోకపోతే తొట్టి దగ్గరి ఒక్క సాకెట్టుకే చిన్న పెట్టెలో బిగించుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు చేపలతోపాటు అదీ విప్పుకుని తీసుకెళ్లొచ్చు.